గుఱిచూచు చేయి, పేల్చు చేయి

ఇంగ్లండు దేశపు తూర్పుభాగమున నార్ఫోకు సీమలో సముద్రమున కనతిదూరమున స్టిఫ్కీ యను చిన్న గ్రామము కలదు. గ్రామమునకు ఉత్తరపువైపున సముద్రమువఱకు ఉప్పుబురదనేల వ్యాపించియున్నది. పోటువేళ సన్నని పాయలగుండ ఉప్పునీరు లోనికి చొచ్చును; పాటువేళ మరల వెడలిపోవును. పూర్వము ఆ గ్రామపు స్త్రీలు పాటు చూచుకొని ఆ బురదలో దిగి, నీలివన్నె గుల్లలనేఱి, బుట్టలకెత్తి, నీరుకాఱు బరువును మోసికొని యిండ్లకు మరలుచుండిరి. ఆ గుల్లలకు ఆ యూరిపేరే స్థిరపడి నేటికిని వానిని 'స్టూకీ బ్లూ' లని పిలుచుచున్నారు.

ఈ బురదనేల యంచుననే 1938వ సంవత్సరమున సైనికులకు విమాన విధ్వంసక ఫిరంగుల నభ్యసింపజేయుటకై యొక శిబిరము వెలసినది. సముద్రముమీదికి గుండ్లు పేల్చుచు దళములు వంతులవారిగా నచట పని నేర్చుకొనుచుండెను. 1955లో ఆ శిబిరము మూతపడినది. నేడు మిగిలినవి కొన్ని పాతకట్టడములును, పునాదులును, కాంక్రీటు తునుకలును మాత్రమే. పక్షులను జూడవచ్చినవారును, గాలికై నడువవచ్చినవారును వానిప్రక్కగా నడచిపోవుచున్నారు. థేమ్సునది సముద్రమున గలియుచోటికి దాపున, ఈస్టు టిల్బరీకి సమీపమున, ఎనిమిది పలకలుగా గట్టిన ఫిరంగి గుంటలు తుప్పలు మొలచి నేటికిని నిలిచియున్నవి. ఆ దేశపు తీరము పొడవునను ఇట్టివి యింకను కలవు.

ఈ శిథిలములను జూచి కొందఱు, "ఇవి మా వీరుల విజయచిహ్నములు, వీనిని రక్షింపవలయు" నందురు. మఱికొందఱు, "ఇవి హింసాచిహ్నములు, బురదలో గలిసిపోనిండు" అందురు. మేమీ యిరుపక్షములలో దేనిని జేరినవారము గాము. ఈ కాంక్రీటు గోడలు చెప్పుచున్న సంగతి వేఱొకటి కలదు. దానిని ఇరుపక్షములవారును వినుట లేదు. అది యుద్ధమునకు సంబంధించిన సంగతి కాదు; అధికారమునకు సంబంధించినది. అందుచేత అది నార్ఫోకు బురదతో నిలిచిపోక మన గ్రామముల పంచాయతి కచేరీ గడపవఱకు వచ్చుచున్నది.

సంగతి సులభముగా దెలియుటకు ముందు ఫిరంగి పనిచేయు రీతిని వివరింపవలసియున్నది. గంటకు 400 కిలోమీటర్ల వేగమున నెత్తున నెగురుచున్న విమానమునకు గుఱిపెట్టి గుండు విడిచితిమనుకొందము. ఆ గుండు ఆ యెత్తునకు జేరుటకు ఇరువది సెకండ్లు పట్టినచో, ఆలోపల విమానము రెండు కిలోమీటర్లకు మించి ముందునకు బోయియుండును. కాబట్టి కనబడుచోటునకు గుఱిపెట్టుట వ్యర్థము. ఉండబోవు చోటునకు గుఱిపెట్టవలయును. అందులకై మొదట విమానపు టెత్తును కనుగొనవలయును. పిదప దాని దిక్కును వేగమును గ్రహింపవలయును. ఆపైని గుండెచట విమానమును గలియునో, ఎన్ని సెకండ్లకు ప్రేలవలయునో లెక్క కట్టవలయును. ఎత్తును గొలుచుట కొక సాధనమును, చీకటిలోను మేఘముల మాటునను విమానమును గనిపెట్టుటకు రాడారును, లెక్క కట్టుటకు ప్రిడిక్టరను యంత్రమును ఉండెను. ఈ లెక్క తేలిన పిమ్మట ఫిరంగి చెంత నిలుచువాని పని మూడు మాటలలో ముగియును: గుండును ఎక్కించుట, గొట్టమును చెప్పినవైపునకు ద్రిప్పుట, పేల్చుట.

స్థిరముగా గట్టిన స్థావరముల నిర్మాణమే ఈ సంగతిని బోధించును. నడుమ ఆజ్ఞాస్థానము, చుట్టును నాలుగు ఫిరంగి గుంటలు. కన్నును బుద్ధియు నడుమనుండెను, చేయి చుట్టునుండెను. నేడు చూడవచ్చువారు గుంటలలో దిగి ఛాయాచిత్రములు తీయించుకొందురు. నడిమి కట్టడము దగ్గఱ నిలుచువారు తక్కువ.

ఆ నడిమిచోట నిలిచినవారెవరు? పిదప ఇంగ్లండు విమాన విధ్వంసక దళములన్నిటికిని అధిపతియైన జనరలు ఫ్రెడరికు పైలు 1938లోనే కారొలైను హాస్లెట్టను స్త్రీ ఇంజనీరును బిలిచి ఫిరంగి స్థావరమును జూపి, ఇందు స్త్రీలు చేయగల పను లెవ్వియని యడిగెను. మిక్కిలి బరువైన పనులు దక్క తక్కినవన్నియు జేయగలరని యామె తీర్పు చెప్పెను. యుద్ధము ముదిరి పురుషులు చాలకపోయినపుడు ఆమె మాట ఫలించినది. 1941 ఆగస్టులో లండనుచెంత రిచ్‌మండు ఉద్యానమున స్త్రీపురుషుల మిశ్రదళము మొదటిది స్థావరమున నిలిచెను. ఆ సంవత్సరము డిసెంబరులో 20 ఏండ్లకును 30 ఏండ్లకును నడుమనున్న యవివాహిత స్త్రీలను సైతము నిర్బంధసేవకు బిలుచు చట్టము పుట్టెను. 1943 నాటికి విమాన విధ్వంసక దళములలో 56 వేలకు పైగా స్త్రీలు పనిచేయుచుండిరి. ఎత్తు గొలిచినవారు వారు; రాడారు చూచినవారు వారు; ప్రిడిక్టరు ద్రిప్పినవారు వారు.

కాని పేల్చు పని మాత్రము వారికి లేదు. పురుషుడు గుండు నెక్కించును, పురుషుడు పేల్చును. మారణాయుధమును ప్రయోగించు పనికి స్త్రీ వ్రాతమూలముగా సమ్మతించిననే గాని నియమింపరాదని చట్టమే చెప్పుచుండెను. విమాన విధ్వంసక ఫిరంగిని పేల్చుపని సమ్మతించిన స్త్రీకిని లేకుండెను. జీతమో, అదే హోదాగల పురుషునికిచ్చు దానిలో మూడింట రెండు వంతులు. గుఱి ఆమెది, పేరు వానిది. లెక్క ఆమెది, వేటు వానిది. ఇదియే మేము చెప్పదలచిన సంగతి.

దీనికి సమాధానముగా చెప్పబడు వాదములు మూడు కలవు. వాని నొక్కొక్కదానిని పరీక్షింతము.

మొదటిది బలమును గూర్చిన వాదము. "ఫిరంగి గుండు బరువైనది, స్త్రీ దానిని మోయజాల" దని యందురు. 3.7 అంగుళముల ఫిరంగి గుండు బరువు 28 పౌనులు, అనగా మన లెక్కలో పండ్రెండు పదుమూడు కిలోగ్రాములు. మన పల్లెలలో బావినుండియు చెఱువునుండియు నీళ్లబిందె నెత్తినబెట్టుకొని, మఱియొకటి చంకనిడుకొని, గట్టెక్కి వచ్చు నాడుదానిని జూచినవా రీ వాదమును విని నవ్వక మానరు. స్టిఫ్కీ బురదలో తడిగుల్లల బుట్టలను మోసినవారును స్త్రీలే కదా! ఆ బరువును మోయునపుడు స్త్రీ యబల యని యెవ్వరికిని దోచలేదు. గుండ్లను ఎడతెగక గంటలకొలది యెక్కించుట కష్టమే యనుకొందము. అది యెక్కించు పనికి సమాధానము కావచ్చును. పేల్చు పనికి ఏమి బలము గావలయును? కాబట్టి బలమను మాట ఇచట కారణము గాదు, సాకు.

రెండవది ధర్మమును గూర్చిన వాదము. ఇది మొదటిదానికంటె గౌరవమైనది. "ప్రాణము పోయునది స్త్రీ, ప్రాణము తీయు పాపము నామెచేత జేయింపరాదని పెద్దలు తలచిరి, ఇది యామెను గౌరవించుటయే" యందురు. మేమును స్త్రీలు హింస కలవాటుపడవలయునని కోరుట లేదు. పురుషులు సైతము మానవలయుననియే కోరుచున్నాము. కాని నిజము విచారింపుడు. విమానమెచట నుండునో కనుగొని, గుండెచట ప్రేలవలయునో నిర్ణయించినది యెవరు? అందులోనివారు చచ్చిరన్న, ఆమె లెక్క తప్పలేదు గనుకనే చచ్చిరి. ఆ కార్యమున పాపమున్నచో అది యామెకును వచ్చును, పుణ్యమున్నచో అదియు వచ్చును. చట్టము కాపాడినది యామె మనస్సాక్షిని గాదు, చూచువారి కన్నులను. స్త్రీ చంపుటకు సాయపడవచ్చును, చంపినట్లు కనబడరాదు. దీనిని ధర్మమనుట ధర్మమునకే యపచారము.

మఱియు శత్రువు విడిచిన బాంబు ఈ భేదమును పాటించినదా? 1942 ఏప్రిలులో సౌతాంప్టను సమీపమున ప్రిడిక్టరు నొద్ద నిలిచిన పదునెనిమిదేండ్ల యువతి బాంబు తునుక తగిలి మరణించినది. కూలిపోవు వఱకును ఆమె గుఱి తప్పింపలేదని చెప్పుదురు. ఆమె చావునకు మూడింట రెండు వంతుల చావని యెవ్వరును పేరుపెట్టలేదు. ప్రాణమిచ్చుటలో పూర్తిభాగమును, జీతములో తక్కువభాగమును, అధికారములో శూన్యమును ఇచ్చుట గౌరవమగునేని, అగౌరవమునకు వేఱు పే రుండదు.

మూడవది అనుభవమును గూర్చిన వాదము. "స్త్రీలు తొందరపడుదురు, ఆపత్సమయమున దిగులుపడుదురు, కాబట్టి కడపటి పని పురుషునిచేతనుండుట మేలు" అందురు. దీనికి సమాధానము 1944వ సంవత్సర మిచ్చినది. ఆ యేడు జూను 13వ తేదీనుండి జర్మనులు వైమానికుడులేని ఎగురు బాంబులను లండనుమీదికి బంపసాగిరి. అవి గంటకు 600 కిలోమీటర్లకు మించిన వేగమున వచ్చుచుండెను. జూలై నడుమ ఫిరంగులన్నిటిని లండను చెంతనుండి తీసి, సెయింటు మార్గరెట్సు అఖాతమునుండి పడమటికి సముద్రతీరము పొడవునను పరచిరి. రామ్నీ బురదనేలయు ఆ తీరముననే కలదు. మిశ్రదళములును తరలిపోయినవి, స్త్రీలు గుడారములలో నివసించుచు రేయింబవళ్లు యంత్రములచెంత నిలిచిరి. క్రొత్త రాడారులును, లక్ష్యమునకు దగ్గఱపడగానే తమంతట ప్రేలు గుండ్లును వచ్చినవి. వారములు గడచుకొలది కూలిన బాంబుల సంఖ్య పెరిగినది. ఆగస్టు 28వ తేదీన సుమారు నూఱు బాంబులు రాగా లండను జేరినవి నాలుగే. తక్కిన వానిని ఫిరంగులును, విమానములును, గాలిలో గట్టిన బుడగల తీగెలును త్రోవలోనే యాపినవి. ఆ చలికాలమున దళములు మరల తూర్పుతీరమునకు బోయి వానలో, బురదలో, గుడారములలో గడపినవి. దిగులుపడువా రిట్లు నిలువగలరా? చేయి వణకునేని ముందుగా లెక్క చెడవలసినది. లెక్క చెడలేదు గదా!

వాదములు మూడును నిలువలేదు. అయినను ఆచారము నిలిచినది. ఏలయనగా దానికి మూలము యుక్తి కాదు. ఒక పనిలో శ్రమయెంత యున్నను పంచియిత్తురు. దాని చివరనుండు ఆజ్ఞను, సంతకమును, వేటును మాత్రము పంచియియ్యరు. ఆ చివరి యడుగే యధికారము. పని చేసినవారికి గాక, ఆ యడుగు వేసినవారికే లోకము కీర్తినిచ్చును. ఈ మర్మమును ఎఱిగినవారు గనుకనే శ్రమనుండి స్త్రీలను దూరముగ నుంచువారు ఎందును గానరారు. ఆజ్ఞనుండి దూరముగ నుంచువా రంతటను గానవత్తురు.

"ఇది దొరల దేశపు గాథ, మనకేల?" యని చదువరులలో కొందఱ కనిపింపవచ్చును. ఆ యుద్ధము మన తీరమును తాకనిది గాదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు విడిచినవి. భయపడి జనులు మూటలుగట్టుకొని లోపలి గ్రామములకు బరుగిడిరి. విశాఖ సముద్రపుటొడ్డున ఆనాటి కాపుగదులు ఇసుకలో గ్రుంగి కనబడుచున్నవి. కాని మేము కోరునది తీరముల పోలిక గాదు, ఆచారముల పోలిక.

2020 ఫిబ్రవరి 17వ తేదీన మన సుప్రీంకోర్టు సైన్యములోని స్త్రీ అధికారులకు శాశ్వత నియామకమును, ఆజ్ఞాధికార పదవులకు అర్హతను ఇయ్యవలయునని తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యములో ప్రభుత్వపక్షమున జెప్పబడిన కారణములలో నొకటి, పల్లెలనుండి వచ్చిన సిపాయీలు స్త్రీ యాజ్ఞకు లోబడుటకు మనసున సిద్ధముగా లేరనునది. చూచితిరా! ఎనుబదేండ్లు గడచినవి, సముద్రములు మాఱినవి, యంత్రములు మాఱినవి; వాదము మాత్రము మాఱలేదు. సిపాయి సిద్ధముగా లేనిచో సిపాయిని సిద్ధపఱుపవలయును గాని స్త్రీని వెనుకకు నిలుపరాదు. న్యాయస్థానము ఆ కారణమును ద్రోసివేసినది. 2023 ఏప్రిలు 29వ తేదీన మన ఫిరంగిదళమున స్త్రీ అధికారులు ఐదుగురు మొట్టమొదటిసారి ప్రవేశించిరి. నాడు రిచ్‌మండు ఉద్యానమున వేయనీయని యడుగు నేడు మదరాసు శిక్షణాలయమునుండి వెడలిన యువతులు వేసిరి. ఇది సంతోషింపదగిన విషయమే.

సంతోషించి యూరకుండవలసిన విషయము మాత్రము గాదు. మన యింటిచెంతనున్న ఫిరంగి స్థావరమును జూడుడు. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను గ్రామపంచాయతులలో సగము స్థానములు స్త్రీలకు చట్టముచే నేర్పడినవి. పేరు ఆమెది, సంతకము ఆమెది, వ్రాతలలో అధికార మామెది. కాని యెన్నియో గ్రామములలో కుర్చీలో గూర్చుండువాడు భర్త. అధికారులతో మాటాడువాడు భర్త. జనులు నమస్కరించునది భర్తకు. 'సర్పంచి భర్త' యను నొక పదవి చట్టమున లేకయే దేశమంతట వ్యాపించినది. ఇంగ్లండులో లెక్క స్త్రీది, వేటు పురుషునిది. ఇచట వేలిముద్ర స్త్రీది, నిర్ణయము పురుషునిది. త్రాసుతట్టలు తాఱుమాఱైనవి గాని ముల్లు ఒకవైపుననే నిలిచినది.

కుటుంబమును జూడుడు. నెలకు సరిపడ బియ్యమెంత, పప్పెంత, పాలవాని కెంత, పిల్లల చదువునకెంత యని లెక్కగట్టునది గృహిణి. రాబోవు కష్టమును ముందుగా గనిపెట్టి కొంగున నాలుగు రూకలు దాచునదియు ఆమెయే; విమాన ముండబోవు చోటును గనిపెట్టిన యంత్రమున కామె యేమి తీసిపోవును? కాని పొలము అమ్మవలసివచ్చినను, పిల్ల సంబంధము నిశ్చయింపవలసివచ్చినను మాట పురుషునిది. "ఆడవాండ్ల నడిగి చేయుదుమా?" యను మాట నేటికిని మన రచ్చబండలమీద నెగతాళిగా వినబడుచునే యున్నది.

ఇచట సంస్కర్తల పక్షమువారిని గూర్చియు నొక మాట చెప్పకతప్పదు. మనలో కొందఱు స్త్రీల ప్రజ్ఞను నిరూపించుటకై యుద్ధకాలపు స్త్రీల బొమ్మలను, నవ్వుముఖములను, నిగనిగలాడు బొత్తాముల దుస్తులను జూపి, "చూడుడు, స్త్రీలెంత ఘనకార్యము చేసిరో!" యని మురియుదురు. ఆ మురిపెము అసత్యము గాదు గాని అసంపూర్ణము. చేసినదానిని బొగడి, చేయనీయనిదానిని దాచుట ఆచారమునకు ముసుగు వేయుట. స్తుతి సులభము, అధికార మిచ్చుట కష్టము. స్త్రీలకు స్తుతి యేనాడును కొఱవడలేదు. మన కావ్యములలో, మన ఉపన్యాసములలో, మన పెండ్లిపందిళ్లలో అది యేఱులై పాఱుచున్నది.

కాబట్టి ఈ శిథిలములను గూర్చి మా యభిప్రాయ మిది. వానిని పగులగొట్టవలదు, వానికి పూజలును చేయవలదు. వానిని చదువవలయును. నడిమి కట్టడము దగ్గఱ నొక పలక నిలిపి, "ఇచటినుండి స్త్రీలు గుఱిచూచిరి, అల్లచ్చటికి బోయి పేల్చుటకు వారికి అనుమతి లేకుండెను, జీతము మూడింట రెండు వంతులు" అని మూడు పంక్తులు వ్రాసిన చాలును. విజయస్తంభములు వేయి నిలిపినను ఆ మూడు పంక్తులు నేర్పినంత నేర్పవు. ఆ పలకను బురదనేలలో నిలుపుట ఆ దేశమువారి పని. మన పని మన గ్రామమున కలదు.

చదువరులారా! మీ యూరి పంచాయతి సభకు మీరే పొండు. సర్పంచిగా నెన్నికైనది స్త్రీయైనచో ప్రశ్న నామెనే యడుగుడు. సమాధాన మామె నోటనుండి వచ్చువఱకు వేచియుండుడు. ప్రక్కనున్న భర్త బదులు చెప్పబోయిన, "అయ్యా, మేమడిగినది సర్పంచిగారిని" అని మర్యాదగా చెప్పుడు. మొదటిసారి ఆమె తడబడవచ్చును, తడబడనిండు. మొదటి సభలోనే గొంతు సవరించుకొని మాటాడిన పురుషులు మాత్ర మెందఱు? మీ యింట లెక్కగట్టినవారిచేతనే నిర్ణయమును జేయింపుడు. మీ కొమార్తెకు లెక్కలు నేర్పితిరా, ఆ లెక్క తేల్చిన ఫలితముమీద ఆమె కధికారమునుగూడ నియ్యుడు. లేనిచో మీరామెను యంత్రముగా జేసినవారగుదురు గాని మనుష్యురాలిగా జేసినవారు గారు.

స్టిఫ్కీ బురదలో పోటు వచ్చును, పాటు వచ్చును. ఆ కాంక్రీటు తునుకలును కొన్నాళ్లకు మట్టిలో మట్టియగును. మన దేశమున ఆచారముల కాంక్రీటు మాత్రము సముద్రమునకు గరగునది కాదు. దానిని మనుష్యులే చేతులతో పగులగొట్టవలయును. ఆ చేతులలో స్త్రీల చేతులును ఉండవలయును. గుఱిచూచుటకు మాత్రమే కాదు.